నిద్రించువానిని దాటిపోకుడి

వాక్యభాగము: అపొస్తలుల కార్యములు 20:7–12



త్రోయ పట్టణమున ఒక ఆదివారపు రాత్రి విశ్వాసులు మేడగదిలో కూడియుండిరి. పౌలు మరునాడు ప్రయాణమై పోవలసినవాడు. చెప్పవలసిన మాటలు చాల యుండెను గనుక ప్రసంగము అర్ధరాత్రివరకు సాగెను. ఐతుకు అను పడుచువాడు కిటికీలో కూర్చుండి కునుకుచు, తుదకు గాఢనిద్రపట్టి, మూడవ అంతస్తునుండి నేలకు పడెను. జనులు పరుగెత్తి ఎత్తి చూడగా ప్రాణము లేదు.

ప్రసంగము పొడవైనప్పుడు మన సంఘములలో పెద్దలు ఈ కథను జ్ఞాపకముచేసి బోధకులమైన మమ్మును నవ్వుచు హెచ్చరించుదురు. ఆ హెచ్చరికను అంగీకరించుచున్నాము. అయితే ఈ మాసము ఈ కథలోని మరియొక సంగతిని మీ యెదుట పెట్టగోరుచున్నాము. ఐతుకు పడినప్పుడు పౌలు ప్రసంగము ఆపెను. మేడ దిగెను. పడియున్నవానిమీద వంగి, కౌగిలించుకొని, వీనిలో ప్రాణమున్నది, తొందరపడకుడని చెప్పెను. ఆ తరువాతనే మరల మేడ యెక్కి రొట్టె విరిచెను. దేవుని వాక్యము ప్రకటించువాడు సయితము పడినవానికొరకు వాక్యమును ఆపి దిగిరావలెనని దీనివలన నేర్చుకొనుచున్నాము.

మేము దీనిని నేర్చుకొనినది పుస్తకమువలన కాదు. మా తప్పువలన నేర్చుకొంటిమి. దానిని దాచి ఇతరులకు బోధించుట న్యాయము కాదు గనుక చెప్పుచున్నాము.

మిరపకాయల కాలమున ఒక సాయంకాలము మేము గృహకూటమునకు పోవుచుంటిమి. త్రోవప్రక్క వేపచెట్టు క్రింద మన సంఘపు యౌవనుడొకడు వెల్లకిల పడియుండెను. అతడు వరంగల్లు ఎనుమాముల మార్కెటులో మిరప బస్తాలు మోయు హమాలీ. గురక వినబడుచుండెను. కల్లువాసన వచ్చుచుండెను. "మరల త్రాగి పడిపోయినాడు" అని అనుకొని, కూటమునకు ఆలస్యమగుచున్నదని ముందుకు సాగితిమి. చంకలో బైబిలు ఉన్నది. దాటిపోయితిమి.

మా వెనుక కొంతసేపటికి అదే త్రోవను ఒక వృద్ధ విధవరాలు మనుమనితోకూడ కూటమునకు వచ్చెను. ఆమె పత్తి యేరుకొని బ్రదుకునది, చదువు రానిది. ఆ గురక విని ఆమె నిలిచెను. తరువాత మాతో ఆమె చెప్పిన మాట ఇది: "అది గురక కాదయ్యగారూ. గొంతుల నీళ్లు గలగలలాడినట్టుండె. మా ఇంటాయన పొయ్యేటప్పుడు గట్లనే ఇన్న." ఆమె వానిని పేరుపెట్టి పిలిచెను, కుదిపెను, చెంపలు తట్టెను. ఉలుకు లేదు, పలుకు లేదు. మనుమని ఫోనులోని దీపము వేసి చూడగా పెదవులును గోళ్లును నీలముగా నుండెను. ఆమె కేకలు వేయగా జనులు వచ్చిరి. పిల్లవాడు 108కి ఫోను చేసెను. బండిలో వచ్చినవారు ముఖముమీద తొడుగు పెట్టి, సంచి నొక్కుచు ఊపిరి పోసిరి. ఆసుపత్రిలో డాక్టరుగారు కనురెప్ప ఎత్తి చూడగా కంటిపాప ఆవగింజంత యుండెనట. చొక్కాజేబులో నొప్పి మాత్రల అట్ట దొరికెను. ఒక ఇంజక్షను ఇచ్చిరి. కొద్ది నిమిషములలో ఆ యౌవనుడు దీర్ఘముగా శ్వాస తీసికొని కన్నులు తెరచెను.

మేము అప్పటికి కూటములో రెండవ కీర్తన పాడించుచుంటిమి.

ఆ యౌవనుని అనుమతితోను, అతని తల్లి అనుమతితోను, పేరు చెప్పక దీనిని వ్రాయుచున్నాము. యెరికో త్రోవలో కొనప్రాణముతో పడియున్నవానిని చూచి ప్రక్కగా పోయిన యాజకుని గూర్చి మేము ఎన్నో మారులు కఠినముగా బోధించియున్నాము. ఇక ముందు ఆ ప్రసంగము చేయునప్పుడు స్వరము తగ్గించి చేయవలసియున్నది.

అతడు మింగిన మాత్ర ఏమి? నడుము పట్టివేసినప్పుడు డాక్టరు కొన్ని దినములకు వ్రాసి యిచ్చిన ట్రమడాల్ అను నొప్పి మాత్ర. చీటీలోని దినములు ముగిసిన తరువాతను, చీటీ లేకయే, అతడు దానిని సంపాదించుకొనుచుండెను. ఒకటి రెండాయెను, రెండు నాలుగాయెను. ఆ దినమున దానికి కల్లు తోడాయెను.

ఈ జాతి మందులన్నిటిని ఓపియాయిడ్లు అందురు. వీటికి మూలపురుషుడు మన పెద్దలెరిగిన నల్లమందే. గసగసాల మొక్కయొక్క పచ్చికాయను గీరగా కారు పాలు ఎండి నల్లమందగును. మనము కూరలో వేయు గసగసాలు ఆ మొక్క గింజలే గాని మత్తు ఆ కాయ పాలలో నున్నది. గోదావరి ప్రాంతములందు చలిజ్వరమునకు నల్లమందు మింగు అలవాటు పూర్వము మిక్కుటముగా నుండెను. పనికి పోవు తల్లులు బిడ్డ ఏడ్వకుండ రవ్వంత నాకించి పండుకొనబెట్టుటయు మన దేశములో పలుచోట్ల నుండెను. ఆ బిడ్డలలో లేవని బిడ్డలును ఉండిరి. 19వ శతాబ్దపు తొలి సంవత్సరములలో జర్మనీలో సెర్ట్యూర్నర్ అను ఔషధశాల పనివాడు నల్లమందునుండి మార్ఫినును వేరుచేసెను. కొన్ని దగ్గుమందులలో నుండు కోడీను, దొంగవ్యాపారమున తిరుగు హెరాయిను, మిక్కిలి బలముగల ఫెంటానిలు, ఈ ట్రమడాలు, ఇవన్నియు ఒక్క కుటుంబమునకు చేరినవే.

ఇవి శరీరములో ఏమి చేయును? దేవుడు మన దేహమును ఆశ్చర్యముగా నిర్మించెను. నొప్పిని కొంతవరకు అణచుకొను శక్తిని ఆయన దేహములోనే పెట్టెను. మన మెదడులోను వెన్నుపాములోను చిన్న చిన్న తాళముల వంటివి గలవు. వాటిని తెరచు తాళపుచెవులను దేహమే తయారుచేసికొనును. ఆ తాళములను శాస్త్రజ్ఞులు 1973లోను, దేహము చేసికొను తాళపుచెవులను 1975లోను కనుగొనిరి. దెబ్బ తగిలిన వెంటనే కొంతసేపు నొప్పి తెలియకుండుటకు ఇది యొక కారణము. నల్లమందు జాతి మందు ఈ తాళములలో దూరు మారు తాళపుచెవి వంటిది. అది దూరినప్పుడు నొప్పి తగ్గును, మనస్సునకు హాయి కలుగును, నిద్ర వచ్చును, మలబద్ధము కలుగును, కంటిపాప సూదిమొనంత చిన్నదగును.

అయితే ఆ తాళములు ఊపిరిని నడుపు చోటను గలవు. మెదడు అడుగుభాగమున ఒక కావలివాడున్నాడనుకొనుడి. మనము నిద్రించినను అతడు నిద్రించడు. రక్తములో బొగ్గుపులుసు వాయువు పెరుగగానే "శ్వాస తీసికొనుము" అని ఆజ్ఞ యిచ్చును. పెద్దవారు సాధారణముగా నిమిషమునకు 12 మొదలు 20 మారులు శ్వాస తీసికొందురు. మందు మోతాదు మించినప్పుడు ఆ కావలివాడే నిద్రించును. శ్వాసలు పది, ఆరు, నాలుగుగా తగ్గి, తుదకు నిలిచిపోవును. ప్రాణవాయువు అందక సుమారు నాలుగు నిమిషములు గడచిన తరువాత మెదడు చెడుట ఆరంభమగును. పిమ్మట గుండె నిలుచును. ఇట్టి మరణములో పెనుగులాట లేదు, కేక లేదు. అందుచేతనే చూచువారు నిద్ర అనుకొందురు.

సంఘస్థులారా, ఆదికాండము రెండవ అధ్యాయము జ్ఞాపకము చేసికొనుడి. దేవుడు మంటితో నరుని చేసి నాసికలలో తన ఊపిరి ఊదెను. అప్పుడు అతడు జీవించువాడాయెను. ఈ మందు మితిమీరినప్పుడు మన ఇంట ఎత్తికొనిపోవునది ఆ ఊపిరినే. కాబట్టి పడియున్నవానిని చూచినప్పుడు, త్రాగినాడా, ఏమి మింగినాడు, ఎవరి కుమారుడు అని అడుగకముందు, ఊపిరి ఉన్నదా అని అడుగుడి.

ఇప్పుడు ప్రతి ఇంటివారును నేర్చుకొనవలసిన పనిని చెప్పుచున్నాము. యౌవనస్థుల కూటములోను స్త్రీల మైత్రిలోను దీనిని చదివి వినిపింపుడి.

గుర్తులు మూడు. ఎంత పిలిచినను కుదిపినను లేవకుండుట. శ్వాస మిక్కిలి నెమ్మదించి లేదా ఆగి, గొంతులో గలగల శబ్దము వచ్చుట. కంటిపాప సూదిమొనంత యగుట. పెదవులును గోళ్లును నీలముగా గాని బూడిదరంగుగా గాని మారును. మన వలె చామనఛాయ గలవారిలో పెదవుల లోపలిభాగమును, గోళ్లను, అరచేతులను చూడవలెను.

మొదట భుజములు పట్టి కుదిపి బిగ్గరగా పిలువుడి. పిడికిలి కణుపులతో రొమ్ముయెముకమీద గట్టిగా రుద్దుడి. లేవనియెడల అప్పుడే 108కి ఫోను చేయుడి. ఫోనెత్తినవారు చెప్పునట్లు చేయుడి. తరువాత వెల్లకిల పరుండబెట్టి, నోటిలో ఏదైనను కనబడినయెడల తీసివేసి, నుదురు వెనుకకు వంచి గడ్డము పైకెత్తుడి. నాలుక వెనుకకు జారి త్రోవను మూయకుండుటకై ఇట్లు చేయవలెను. శ్వాస లేకున్నను, అప్పుడొకటి అప్పుడొకటిగా నున్నను, ముక్కు మూసి, నోటిమీద నోరు పెట్టి, రొమ్ము లేచునట్లు ఊదవలెను. అయిదు సెకండ్లకు ఒక మారు. ఏమాత్రము కదలిక లేక, శ్వాసయు లేక, గుండె ఆగినట్లు తోచినయెడల రొమ్ము నడుమ రెండు చేతులుంచి నిమిషమునకు 100 మొదలు 120 మారులు గట్టిగా నొక్కవలెను. శ్వాస బాగుగా ఆడుచున్నయెడల ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టుడి. వాంతి అయినను ఊపిరితిత్తులలోనికి పోదు. వారిని ఒంటరిగా విడువకుడి. మింగిన మాత్రల అట్టను ఆసుపత్రికి తీసికొనిపోవుడి.

చేయరాని పనులును గలవు. తెలివిలేనివాని నోటిలో మజ్జిగ, నిమ్మరసము, చింతపండు పులుసు, ఉప్పునీళ్లు పోయకుడి. అవి ఊపిరితిత్తులలోనికి పోవును. నడిపించుటకై లేపి నిలుపకుడి. కుండెడు చన్నీళ్లు గుమ్మరింపకుడి. "పండుకొననీ, తెల్లవారేసరికి దిగిపోవును" అనకుడి. తెల్లవారి చూచినప్పుడు చల్లబడియున్న దేహములను మేము సమాధి చేసియున్నాము.

మన జిల్లాలో మరియొక జాగ్రత్త అవసరము. పత్తిచేనుకు కొట్టు పురుగులమందు మింగినవానికిని కంటిపాప చిన్నదగును. అట్టివానికి నోట నురుగు, ఒంట చెమట, మందువాసన ఉండును. అతనికి విరుగుడు వేరు. డాక్టర్లు అట్రోపిన్ మొదలగునవి ఇత్తురు. అట్టివాని నోటిమీద నోరు పెట్టకుడి. ఆ విషము మీకును అంటును. తడిసిన బట్టలను మందు చేతికి అంటకుండ తీసివేసి, త్వరగా 108లో పంపుడి. ఏది ఏ విషమో నిర్ణయించుట మన పని కాదు. ఆలస్యము చేయకుండుటయే మన పని.

ఆ యౌవనునికి ఇచ్చిన ఇంజక్షను పేరు నలోక్సోన్. ఇది 1960ల ఆరంభమున తయారై, 1971లో అమెరికాలో అనుమతి పొందెను. మన దేశపు అత్యవసర ఔషధముల జాబితాలోను ఉన్నది. దీని పని గ్రహించుట సుళువు. తాళములో దూరిన మారు తాళపుచెవిని ఇది వెలికి నెట్టి, తాను ఆ చోట కూర్చుండును, గాని తాళము త్రిప్పదు. రెండు మూడు నిమిషములలోనే కావలివాడు మేల్కొనును, ఊపిరి ఆడును. అయితే దీని బలము సుమారు 30 నిమిషములు మొదలు 90 నిమిషములే. మింగిన మందు అంతకంటె ఎక్కువసేపు దేహములో నున్నయెడల, లేచి కూర్చుండినవాడు మరల నిద్రలోనికి జారును. కాబట్టి కన్ను తెరచినాడని ఇంటికి తీసికొనిపోరాదు. డాక్టరు పొమ్మనువరకు ఉండవలెను. ట్రమడాలు మితిమీరినవానికి మూర్ఛలును రావచ్చును. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇట్టివారి ప్రక్కన నుండు ఇంటివారికిని స్నేహితులకును నలోక్సోను అందుబాటులో నుండవలెనని సలహా యిచ్చెను. మన తెలుగు బిడ్డలనేకులు కాపురమున్న అమెరికాలో 2021, 2022, 2023 సంవత్సరములలో ఒక్కొక్క యేట లక్షమందికి పైగా మత్తుమందులు మితిమీరి మరణించిరి. వారిలో ఎక్కువమంది ఈ జాతి మందులవలననే. ముక్కులో కొట్టు నలోక్సోనును డాక్టరు చీటీ లేకుండ అమ్ముటకు 2023లో అక్కడ అనుమతి యిచ్చిరి. ఆ దేశములో బిడ్డలున్నవారు ఈ మాట వారికి చెప్పుడి.

"అయ్యగారూ, అది అమెరికా సంగతి, మా ఊరిలో ఉన్నది కల్లే గదా" అని కొందరు అనవచ్చును. మన దేశములో 2019లో ప్రకటింపబడిన ప్రభుత్వ సర్వే చొప్పున సుమారు 2 కోట్ల 26 లక్షల మంది ఈ జాతి మత్తు వాడుచున్నవారు. ఇక కల్లు మాట. తాటిచెట్టు, ఈతచెట్టు ఇచ్చునది ఒకటి, కొన్ని దుకాణములలో సీసాలో పోయునది మరియొకటి. క్లోరల్ హైడ్రేటు, డైజెపాము, ఆల్ప్రజోలాము అను నిద్రమందులు కలిపిన కల్లు తెలంగాణలో ఎందరినో చెరపట్టినది. 2015 సెప్టెంబరులో కల్తీపై దాడులు జరిగి ఆ కల్లు దొరకనప్పుడు నిజామాబాదు, మహబూబునగరు ప్రాంతములలో వందలాదిమంది మూర్ఛలతోను మతిచలనముతోను ఆసుపత్రుల పాలైరి. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. ఈ నిద్రమందులు నల్లమందు జాతివి కావు. నలోక్సోను వీటికి విరుగుడు కాదు. గాని ఇవియును ఊపిరి కావలివానినే నిద్రపుచ్చును. నొప్పి మాత్రయు, కల్తీ కల్లును ఒకే కడుపులో కలిసినప్పుడు రెండు చేతులు ఒకే గొంతును నొక్కినట్లగును. ఇట్టిచోట ఊపిరి ఊదుటయు 108ని పిలుచుటయు మునుపటివలెనే అవసరము. మరియు కల్తీకల్లునకు అలవాటుపడినవాడు ఒక్కసారిగా మానుట అపాయకరము. వైద్యుని చేతిక్రింద మెల్లమెల్లగా మాన్పింపవలెను. దోర్నకల్ బిషప్పు అజరయ్యగారి దినములనుండి మన సంఘములు త్రాగుడుతో పోరాడుచున్నవి. ఆ పోరాటము విడువరాదు. అయితే త్రాగుడుతో పోరాడుటయు, త్రాగి పడినవానిని దాటిపోవుటయు ఒక్కటి కాదు.

ఇక్కడ మేము మరియొక తప్పును సరిదిద్దవలెను. ఇంత విన్నపిమ్మట మీలో కొందరు, నొప్పి మాత్రలన్నియు పాపమే అనుకొందురేమో. కాదు. మన సంఘములో ఒక తల్లి నోటి క్యాన్సరుతో మూడు నెలలు మంచమున నుండెను. డాక్టరు మార్ఫిను మాత్రలు వ్రాసి యిచ్చిరి. "అది మత్తు, దేవునికి ఇష్టము కాదు" అని ఇంటివారు వాటిని గూటిలోనే ఉంచిరి. ఆమె దవడ పట్టుకొని రాత్రులంతయు గోడకు తల ఆనించి కూర్చుండెడిది. మేము వెళ్లి ప్రార్థించితిమి గాని గూటిలోని మాత్రల సంగతి అడుగలేదు. ఇదియు ఒక దాటిపోవుటయే.

సిలువయొద్ద యేసు బోళము కలిపిన ద్రాక్షారసమును పుచ్చుకొనలేదని మార్కు 15వ అధ్యాయము చెప్పుచున్నది. దీనినిబట్టి కొందరు నొప్పికి మందు వలదందురు. ప్రియులారా, ప్రభువు దానిని నిరాకరించినది మన పాపభారమును నిండు తెలివితో మోయుటకే. ఆయన ఒక్కడే మోయవలసిన దానిని ఆయన మోసెను. రోగితో "నీవును నొప్పి భరించుము" అని ఆయన ఎన్నడు చెప్పెను? ఆయన చెప్పిన కథలో సమరయుడు గాయములకు నూనెయు ద్రాక్షారసమును పోసి కట్టెను. ఆదాము ప్రక్కను తెరచుటకు ముందు దేవుడే అతనికి గాఢనిద్ర కలుగజేసెను. వైద్యుడు కొలిచి, గడియారము చూచి, కొంచెము కొంచెముగా పెంచుచు ఇచ్చు మార్ఫిను క్యాన్సరు రోగికి దయ. అదే జాతి మాత్రను కొలత లేక, చీటీ లేక, కల్లుతో మింగినవానికి ఉరి. మందు ఒక్కటే, చెయ్యి వేరు. 1985 నాటి మత్తుపదార్థముల చట్టమువలన మార్ఫిను దొరకుట కష్టమై రోగులు బాధపడుచుండగా, 2014లో ఆ చట్టమును సవరించి నొప్పి నివారణకు త్రోవ తెరచిరి. హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రిలో ఇట్టి ఉపశమన చికిత్స గలదు. మంచమునపడినవారి యింటికి వచ్చి సేవచేయుటకు ప్రభుత్వము "ఆలన" అను ఏర్పాటు చేసినది. మీ యింట అట్టి రోగి యున్నయెడల ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో అడుగుడి. మాకు చెప్పుడి, మేమును మీతో వత్తుము. మిగిలిన మాత్రలను మాత్రము పెట్టెలో పెట్టి తాళము వేయుడి. ఒకరికి వ్రాసినది మరియొకరు మింగరాదు.

లేచినవాని సంగతి చెప్పి ముగింతుము. ఆ యౌవనుడు చికిత్సకు పోయి, కొన్ని వారములు మానివేసి, ఇంటికి వచ్చెను. ఇదియే మిక్కిలి అపాయకరమైన కాలమని డాక్టర్లు చెప్పుదురు. ఏలయనగా దేహము ఆ మందునకు అలవాటు తప్పియుండును; మునుపు నాలుగు మాత్రలు ఓర్చినవాడు మానిన తరువాత అదే నాలుగు మింగినయెడల చచ్చును. ఆసుపత్రినుండి వచ్చినవారును, జైలునుండి వచ్చినవారును ఇట్లే మరణించుచున్నారు. మత్తయి 12వ అధ్యాయమున ప్రభువు ఒక యింటిని గూర్చి చెప్పెను. అది ఊడ్చి అలంకరింపబడినది గాని ఖాళీగా నున్నది. వెళ్లిన దయ్యము మరి యేడింటిని వెంటబెట్టుకొని వచ్చెను. మానిపించుట చాలదు, నింపవలెను. పని, భోజనము, స్నేహము, సహవాసము ఇవ్వవలెను. ఈ అలవాటునకు డాక్టర్ల చికిత్స యున్నది. బుప్రెనార్ఫిను వంటి మందును దినదినము తమ చూపుక్రింద ఇచ్చి ఆశను అణచుదురు. దీనిని "మత్తునకు మారుమత్తు" అని నిందింపకుడి. విరిగిన కాలికి కర్ర వంటిది. స్వయముగా చికిత్సకు వచ్చువానికి పైన చెప్పిన చట్టమే 64ఎ సెక్షనులో కొంత రక్షణ ఇచ్చుచున్నది గనుక భయపడి దాగనక్కరలేదు. 14446 అను నెంబరునకు ఫోను చేసినయెడల మత్తు మాన్పించు సహాయము ఎక్కడ దొరకునో చెప్పుదురు. మనస్సు కలతచెందినవారు 14416కు ఫోను చేయవచ్చును.

ఆ యౌవనుడు గుడికి వచ్చిన మొదటి ఆదివారమున వెనుక వరుసలో, చాప అంచున, తలవంచి కూర్చుండెను. ప్రక్కనున్న ఇద్దరు కొంచెము జరిగిరి. మేము బల్లయొద్ద నుండి చూచితిమి. అప్పుడు ఆ పత్తి యేరు వృద్ధురాలు స్త్రీల వరుసనుండి లేచి, అందరు చూచుచుండగా పోయి అతని ప్రక్కను కూర్చుండెను. ఆ దినమున మేము సిద్ధపరచుకొనిన ప్రసంగముకంటె అది మంచి ప్రసంగము. ఆరాధన ముగిసిన తరువాత మేము అతనియొద్దకు పోయి, "అయ్యా, ఆ రాత్రి నిన్ను చూచియు పోయితిమి, క్షమింపుము" అంటిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. తరువాత, "నాకేం తెల్వదు గద అయ్యగారూ, నేను పండుకొనుంటి" అనెను. క్షమించెనో లేదో ఆ మాటలో చెప్పలేదు. అయినను వచ్చే ఆదివారమును వచ్చెను, ఆ తరువాతి ఆదివారమును వచ్చెను.

ఎలీషా ప్రవక్త కథలో షూనేమీయురాలి కుమారుడు చనిపోయినప్పుడు గేహజీ ముందుగా పోయి బాలుని ముఖముమీద దండము పెట్టెను. బాలునికి ఉలుకు రాలేదు. తరువాత ప్రవక్త తానే లోపలికి పోయి, తలుపు వేసి ప్రార్థించి, బాలునిమీద పండుకొని, నోటిమీద నోరు ఉంచెను. అప్పుడు బాలుని దేహము వెచ్చబడెను. సంఘమా, మనము ఇంతవరకు దండములే పంపితిమి. హెచ్చరికలు పంపితిమి, తీర్మానములు పంపితిమి, నిందలు పంపితిమి. ఇప్పుడు మనమే పోవలెను. ప్రార్థనయు కావలెను, నోటి ఊపిరియు కావలెను. ప్రవక్త రెండును చేసెను.

ఈ మాసము ప్రతి సంఘమువారును ఒక పని చేయగోరుచున్నాము. మీ ఊరి ఆశా కార్యకర్తను గాని ఆరోగ్య కేంద్రపు నర్సమ్మను గాని ఒక ఆదివారము ఆరాధన తరువాత పిలిచి, ఊపిరి ఊదుటయు, రొమ్ము నొక్కుటయు, ప్రక్కకు త్రిప్పుటయు నేర్చుకొనుడి. ముందుగా బోధకుడే చాపమీద మోకరించి నేర్చుకొనవలెను.

ప్రార్థన: మా నాసికలలో ఊపిరి ఊదిన తండ్రీ, నిద్రించువానిని చూచి మేము దాటిపోయిన దినములను క్షమింపుము. నొప్పితోనున్నవారికి నొప్పి తగ్గించు దయను, మత్తులో చిక్కినవారికి విడుదలను, మాకు మేడ దిగివచ్చు పాదములను దయచేయుము. పడినవారికొరకు పరలోకమునుండి దిగివచ్చిన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము. ఆమేన్.